నీటి ఒడ్డున ఒక రోజు

మా చిన్నకోడూరు చుట్టుపక్కల ఊళ్లలో పెద్ద నీళ్లంటే ఏమిటో పెద్దలకు తెలియదు. వారికి తెలిసినవి చెరువులు, కుంటలు. వానాకాలంలో నిండేవి, సంక్రాంతి దాటేసరికి మోకాటి లోతుకు వచ్చేవి, ఎండలు ముదిరేసరికి నెర్రెలు బారేవి. కాలం సరిగా కాని ఏట ఆ మాత్రం కూడా లేదు. బోర్లు ఎండి, ట్యాంకరు కోసం బిందెలు వరుసగా పెట్టుకొని కూర్చున్న రోజులు మా ఇంట్లో ఇంకా ఎవరూ మరచిపోలేదు.

అటువంటి చోటికి 2020 ఏప్రిల్ 24న గోదావరి నీళ్లు వచ్చాయి. మా మండలంలోని చంద్లాపూర్ వద్ద కట్టిన రంగనాయక సాగర్‌లోకి ఆ రోజు నీళ్లు వదిలారు. మధ్యమానేరు నుండి అనంతగిరి జలాశయానికి, అక్కడి నుండి సొరంగంలో చంద్లాపూర్ పంపుహౌసుకు వచ్చి, అక్కడ మోటార్లు ఎత్తిపోస్తే ఇందులో పడతాయి. ఇది 3 టీఎంసీల జలాశయం. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. ఆ తరువాత నెల, మే 29న, మర్కూక్ వద్ద 15 టీఎంసీల కొండపోచమ్మ సాగర్‌కు నీళ్లు చేరాయి. 2022 ఫిబ్రవరి 23న 50 టీఎంసీల మల్లన్న సాగర్‌ను ప్రారంభించారు. రెండేళ్లు తిరగకముందే మా సిద్దిపేట జిల్లా నీళ్ల జిల్లా అయిపోయింది.

ఇక చుట్టాలు రావడం ఎక్కువైంది. ఎండాకాలం సెలవుల్లో, క్రిస్మసు సెలవుల్లో పట్నం నుండి వచ్చే బావగార్లు, మరదళ్లు, వాళ్ల పిల్లలు బస్సు దిగుతూనే అడిగే మాట ఒక్కటే: సాగర్ చూపించండి, పడవ ఎక్కించండి, గాలం వేద్దాం. సండే స్కూలు పిల్లలను, యౌవనస్థులను వెంటబెట్టుకొని వచ్చే సంఘాలు కూడా ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ఒక రోజు నీటి ఒడ్డున గడపడం మంచిదే, మాకూ ఇష్టమే. ఏటా మూడు నాలుగు సార్లయినా సద్ది కట్టుకొని వెళ్తాము. ఇలా వెళ్లేవారికి పనికివస్తాయని, మేము పాటించేవి, చూసినవి కొన్ని ఇక్కడ వ్రాస్తున్నాము.

అన్నిటికంటే ముందు చెప్పవలసినది ఈత సంగతి. మా తండ్రుల తరంలో బావి లేని పొలం అరుదు. మగపిల్లవాడికి ఏడెనిమిదేళ్లు రాగానే వీపుకు ఎండిన సొరకాయ బుర్రనో, బెండ్లనో కట్టి బావిలోకి దింపేవారు. రెండు వారాల్లో బెండు లేకుండా మెట్ల మీది నుండి దూకేవాడు. ఆడపిల్లలను మాత్రం అప్పుడు కూడా దింపేవారు కాదు, అది వేరే విచారం. తరువాత బోర్లు వచ్చాయి, బావులు ఎండాయి, కొన్నింటిని మట్టితో పూడ్చారు. పిల్లలకు ఈత నేర్పే చోటు పోయింది. ముప్పై ఏళ్లు అలా గడిచాక ఊరి పక్కనే సముద్రమంత నీళ్లు వచ్చాయి. తాతకు ఈత వచ్చు, ఆయనకు నీళ్లు లేవు. మనుమడికి నీళ్లున్నాయి, ఈత రాదు. ఈ సంగతి మనసులో పెట్టుకొని మిగతాది చదవండి.

2025 జనవరి 11న, సంక్రాంతి సెలవుల్లో, హైదరాబాదు నుండి 7 గురు కుర్రవాళ్లు కొండపోచమ్మ సాగర్‌కు వచ్చారు. నీళ్లలోకి దిగినవారిలో 5 గురు చనిపోయారు, ఇద్దరు బయటపడ్డారు. అందరూ ఇరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్న బిడ్డలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచమంతటా సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. అందులో నాలుగో వంతుకు దగ్గరగా ఐదేళ్లలోపు పిల్లలే.

ఈ కట్ట జలాశయాలు మన చెరువుల వంటివి కావు. చెరువులో శిఖం వైపు నుండి దిగితే లోతు అడుగు అడుగున పెరుగుతుంది. చీలమండ, మోకాలు, నడుము అని తెలుస్తూ ఉంటుంది. సాగర్ కట్ట లోపలి వైపు ఏటవాలుగా రాళ్లు పరచి ఉంటాయి. నీటి అంచున ఆ రాళ్ల మీద పాచి పడుతుంది. కాలు జారితే ఒకటి రెండు అడుగుల్లోనే నిలువు లోతు. పైకి ఎక్కడానికి పట్టు దొరకదు. పైగా ఈ నీళ్లు వాననుబట్టి కాక మోటార్లనుబట్టి పెరుగుతాయి, తూములనుబట్టి తగ్గుతాయి. నిన్న ఆరిన రాయి ఇవాళ నీళ్లలో ఉండవచ్చు. మోటార్ల నీళ్లు వచ్చి పడే చోటికి, తూముల దగ్గరికి, సిమెంటు కాలువల అంచులకు పిల్లలను అసలే తీసుకుపోవద్దు. సిమెంటు కాలువ చూడడానికి ఇరుకుగా, శాంతంగా ఉంటుంది. కాని అందులో పడినవాడు ఈతగాడైనా ఆ నున్నటి గోడ పట్టుకొని ఎక్కలేడు.

నీళ్లు వదిలితే ఎంత వేగంగా వస్తాయో మన తెలుగువారికి 2014 జూన్ 8న తెలిసింది. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్ల మీద నిలబడి ఫోటోలు దిగుతున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, వారితో వెళ్లిన ఒకరు, పైనున్న లార్జీ డ్యాము నుండి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. అంచేత మేము పెట్టుకున్న కట్టడి ఇది: సాగర్‌ను కట్ట మీది నుండి చూడడమే, రాళ్ల మెట్టు దిగేది లేదు. రంగనాయక సాగర్ కట్ట మీద సాయంత్రం నడుస్తూ గుట్టను, నీళ్లను చూస్తే చాలు, కడుపు నిండిపోతుంది. పడవ ఎక్కాలంటే వేరే చోటు, గాలం వేయాలంటే మరో చోటు.

పడవ కోసం మేము సిద్దిపేట పట్టణంలోని కోమటి చెరువుకు వెళ్తాము. కట్ట వెడల్పు చేసి, దీపాలు పెట్టి, పడవలు తిప్పే చోటు అది. గాలి ఎక్కువైన రోజున, మరమ్మతుల రోజున పడవలు ఆపుతారు, కనుక వెళ్లేముందు కనుక్కోవడం మంచిది. ఇంకా దూరం పోగలిగినవారికి ములుగు జిల్లాలో కాకతీయుల నాటి లక్నవరం చెరువు ఉంది, నాగార్జున సాగర్‌లో కొండ మీది మ్యూజియానికి పోయే లాంచీ ఉంది. ఎక్కడికి పోయినా పడవ దగ్గర చూసుకోవలసినవి మాత్రం మారవు.

లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కవద్దు. ఉంటే సరిపోదు, తొడుక్కోవాలి. తొడుక్కుంటే సరిపోదు, బిగించుకోవాలి. పిల్లవాడికి తొడిగాక భుజాల దగ్గర జాకెట్‌ను పట్టుకొని పైకి లాగి చూడండి. అది చెవుల దాకా లేస్తే వదులుగా ఉన్నట్టే. నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, పిల్లవాడు కిందికి జారిపోతాడు. పెద్దవారి జాకెట్‌ను పిల్లలకు తొడిగి తాళ్లు చుట్టడం ఎక్కడపడితే అక్కడ చూస్తున్నాము. చిన్న కొలతది లేదంటే ఆ పిల్లను ఒడ్డునే ఉంచండి, ఏడిస్తే ఐస్‌క్రీము కొనిపెట్టండి. మా ఆడవాళ్లు మొదట్లో చీర మీద ఈ జాకెట్ ఏమిటని సిగ్గుపడేవారు. కొంగు ముందుగా నడుముకు గట్టిగా దోపుకొని, కుచ్చిళ్లు కాస్త పైకి కట్టుకొని, దాని మీద జాకెట్ వేసుకుంటే ఇబ్బంది ఉండదు. పంజాబీ డ్రస్సు వేసుకొనేవారైతే చున్నీ సంచిలో పెట్టుకోవాలి. చీర తడిస్తే కాళ్లకు చుట్టుకుంటుంది. ఈత వచ్చిన స్త్రీ కూడా ఆ బరువుతో ఈదడం కష్టం.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల పడవ మునిగినప్పుడు అందులో 77 మంది ఉన్నారు. ప్రాణాలతో బయటపడినది 26 మంది. వరంగల్ నుండి, హైదరాబాదు నుండి వెళ్లిన కుటుంబాలు అందులో ఉన్నాయి. 2024 జనవరి 18న గుజరాత్‌లోని వడోదరలో చెరువు మీదకు విహారానికి వచ్చిన బడి పిల్లల పడవ తిరగబడి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. అది వరద గోదావరి కూడా కాదు, పట్టణంలోని చెరువు. చెరువే కదా అని మనం అనుకుంటాము.

పడవలో ఎంతమంది ఎక్కవచ్చో బోర్డు ఉంటే చదవండి, లేకపోతే పడవ నడిపేవారిని అడగండి. ఒడిలో పిల్ల కూడా ఒక మనిషి లెక్కే. ఎక్కేటప్పుడు అంచు మీద కాక మధ్యలో అడుగు పెట్టి, వంగి, వెంటనే కూర్చోవాలి. ఎక్కువ బరువువారు మధ్యలో ఉండాలి. అన్నిటికంటే చెడ్డ అలవాటు ఒకటుంది. అదిగో కొంగ అని ఒకరు అంటే అందరూ లేచి ఒక పక్కకు వంగడం. ఇప్పుడు కొంగ కంటే ఫోను ఎక్కువ, ఫోటో కోసం అందరూ ఒకే వైపు చేరుతున్నారు. పడవ సగం తిరగబడేది అక్కడే. ఫోటోలు ఒడ్డున దిగండి, వెలుతురు అక్కడే బాగుంటుంది. తాగి వచ్చినవారు ఆ పడవలో ఉంటే మనం తరువాతి పడవకు ఆగుదాము. వారితో వాదం ఎందుకు?

గాలి గురించి ఒక మాట. మనం సువార్తల్లో గలిలయ సముద్రం అని చదివేది నిజానికి సముద్రం కాదు, మంచినీటి సరస్సు. సుమారు 21 కిలోమీటర్ల పొడవు, 13 కిలోమీటర్ల వెడల్పు. సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన, గుట్టల నడుమ ఉంటుంది. ఆ గుట్టల మీది నుండి గాలి ఒక్కసారిగా దిగి, నిమ్మళంగా ఉన్న నీళ్లను లేపుతుంది. ఆ శిష్యులు చేపలు పట్టి బ్రతికినవారు, ఆ నీళ్లలో పుట్టి పెరిగినవారు. వారే భయపడి కేకలు వేశారంటే ఆ గాలి ఎటువంటిదో ఊహించవచ్చు. 1986లో కరవు వచ్చి ఆ సరస్సు నీళ్లు తగ్గినప్పుడు, బురదలో ఆ కాలపు చేపల పడవ ఒకటి బయటపడింది. సుమారు 8 మీటర్ల పొడవు, 2 మీటర్లకు కొంచెం పైగా వెడల్పు. అంత పడవకే ఆ గతి అయితే మన తెప్పలు, పుట్టీలు ఎంత?

మన దగ్గర ఆ గాలి ఏప్రిల్, మే నెలల్లో వస్తుంది. పొద్దున ఆకు కదలదు. మధ్యాహ్నం మూడు దాటాక పడమట మబ్బు పట్టి, దుమ్ము లేచి, పది నిమిషాల్లో గాలిదుమారం. దాని వెంట పిడుగులు. కాబట్టి ఎండాకాలంలో పడవ పని పొద్దున పూటే ముగించుకోవాలి. ఉరుము వినబడిందంటే నీళ్ల నుండి, ఒంటరి చెట్ల కింది నుండి, కట్ట మీది నుండి దూరంగా పోయి వాహనంలోనో, స్లాబు కిందనో చేరాలి. పూణెలోని వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని అనే యాప్ ఫోనులో ఉంటే చుట్టుపక్కల పిడుగుల సంగతి ముందుగా చెబుతుంది. యౌవనస్థులు తమ ఇంటి పెద్దల ఫోనుల్లో అది పెట్టి ఇవ్వండి. పొలం పనికి కూడా ఉపయోగం.

ఇక గాలం. మాకు ఇష్టమైన భాగం ఇదే. గాలం వేయడానికి సాగర్ వద్దు, ఊరి చెరువు చాలు. అయితే ఆ చెరువులో చేపలు ఎవరివి అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. చాలామంది వేసుకోరు. నీళ్లు దేవుడిచ్చినవి, చేపలు నీళ్లలోవి, కాబట్టి అందరివీ అనుకుంటారు. మన పల్లెల్లో చెరువు చేపల మీద హక్కు మత్స్య సహకార సంఘాలది. ముదిరాజులు, గంగపుత్రులు సంఘం కట్టుకొని, పిల్లలను వదిలి, నెలల తరబడి కాపలా కాసి, చివరికి వల వేసి పంచుకుంటారు. 2016 నుండి ప్రభుత్వం చెరువుల్లో చేప పిల్లలను ఉచితంగా వదిలే పథకం మొదలుపెట్టినా కాపలా, కష్టం వారిదే. అడగకుండా గాలం వేయడం ఇతరుల చేనులో కంకులు విరవడం వంటిది. అడిగితే కాదనరు. ఒకసారి మేము అడిగినప్పుడు సంఘం పెద్దమనిషి ఇలా అన్నాడు: “పిల్లల కోసం ఒకటి రెండు పట్టుకుంటె మేమెందుకు వద్దంటం సారూ? అడగకుండ వలలు దెస్తరు, గదే బాధ.” మేము ఎప్పుడూ పిల్లల సరదాకు రెండు మూడు చిన్న చేపలు పట్టి, కూరకు కావలసినవి వారి దగ్గరే కొంటాము. వానాకాలం మొదట్లో చేపలు గుడ్లు పెట్టే రోజులు. ఆ రెండు నెలలు గాలం అటక మీద ఉంచడమే న్యాయం.

కరెంటు పెట్టి, మందు కలిపి, తూటా పేల్చి చేపలు పట్టేవారు అక్కడక్కడ ఉన్నారు. తూటాలు, విషం 1897 నాటి చట్టం నుండే నేరం. అటువంటి చేప చవకగా వచ్చినా కొనకండి.

గట్టు మీద చోటు చూసుకొనేటప్పుడు ముందుగా చూడవలసినవి మోటారు వైర్లు. మన రైతులు చెరువులో మోటార్లు వేసి, గట్టు మీదుగా అతుకుల వైర్లు లాగి ఉంటారు. తడి నేల, తెగిన తొడుగు, వట్టి కాళ్ల పిల్లలు, ఈ మూడూ ఒకచోట చేరకూడదు. ఒక అక్క మమ్మల్ని చూసి దూరం నుండే అరిచింది: “గా మోటరు దిక్కు పోనియ్యకుండ్రి పిల్లలను, వైర్లు మంచిగ లెవ్వు!” ఆమె పుణ్యమా అని ఇప్పుడు సద్ది దించకముందే వైర్లు ఎక్కడున్నాయో చూస్తాము. తలమీద కరెంటు తీగలున్న చోట కూడా గాలం కర్ర ఎత్తవద్దు. పచ్చి వెదురు, తడిసిన వెదురు కరెంటును పట్టుకుంటాయి. గట్టు రాళ్ల సందుల్లో, ఎండ్రికాయల బొక్కల్లో చేతులు పెట్టనివ్వవద్దు. అక్కడ పాములు ఉంటాయి. చెప్పులు కాదు, బూట్లు వేయండి.

గాలానికి పెద్ద ఖర్చు లేదు. ఎనిమిది పదడుగుల ఎండు వెదురు గడ, దాని పొడవుకు కొంచెం మించిన నైలాన్ దారం, ఒక బెండు, చిన్న సీసపు గుండు, ఒక గాలం. బెండుకు జీలుగ ముక్క మంచిది, దొరక్కపోతే పాత రబ్బరు చెప్పులోంచి కోసిన ముక్కకు ఎర్ర రంగు పూసినా చాలు, పిల్లలకు దూరం నుండి కనబడుతుంది. గాలాలకు దుకాణంలో అంకెలుంటాయి. అంకె పెద్దదయ్యేకొద్దీ గాలం చిన్నదవుతుంది, ఇది తెలియక చాలామంది తికమకపడతారు. పిల్లలకు చిన్న గాలమే ఇవ్వండి. చిన్న గాలానికి పెద్ద చేప కూడా పడుతుంది కాని పెద్ద గాలానికి చిన్న చేప పడదు, రోజంతా బెండు చూస్తూ కూర్చుంటే పిల్లలు విసిగిపోతారు.

ఎరకు వానపాములు, మా వైపు ఎర్రలంటారు, నల్లా నీళ్లు పారే చోట తవ్వితే దొరుకుతాయి. కొబ్బరి చిప్పలో తడి మట్టి వేసి నీడన ఉంచితే సాయంత్రం దాకా బ్రతుకుతాయి. వాటిని ముట్టడానికి వెనుకాడేవారికి పిండి ఉంది. గోధుమపిండి, వేయించిన తవుడు, కొంచెం పల్లిచెక్క కలిపి గట్టిగా పిసకాలి. మా దగ్గర పత్తికి కొదువ లేదు కనుక చిటికెడు దూది కూడా కలిపి పిసుకుతాము. దూది ఉంటే పిండి నీళ్లలో త్వరగా కరగదు, గాలాన్ని వదలదు. గాలం వేసే చోట పది నిమిషాల ముందు రెండు పిడికెళ్ల తవుడు ముద్దలు విసిరితే చేపలు చేరతాయి.

చేపను బట్టి బెండును జరపాలి. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, రోహు నడిమి నీళ్లలో, మోసు అడుగున. బంగారుతీగ అడుగు బురదను తవ్వుతుంది, నీటి మీద సన్నటి బుడగలు వరుసగా లేస్తుంటే అదే. బెండుకు, గాలానికి మధ్య దారం పెంచితే అడుగుకు, తగ్గిస్తే పైకి. పొద్దు పొడిచిన తరువాత రెండు గంటలు, పొద్దు గూకే ముందు రెండు గంటలు మంచివి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు చేపలు లోతుకు పోతాయి, మనుషులు చెట్టు కిందికి పోవాలి.

కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప, అది వేరే జాతి పౌరుషం గలది. గడ్డిలో, గుర్రపుడెక్క నీడన పొంచి ఉంటుంది, నీటి పైకి వచ్చి గాలి పీల్చి పోతుంది. నీటి మీద ఎర్రగా చిన్న పిల్లల గుంపు ఒకటి ముద్దలా కదులుతూ కనబడితే దాని కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టు. ఆ గుంపు దగ్గర గాలం వేస్తే కొర్రమీను పిచ్చిగా వచ్చి కరుస్తుంది. ఎర కోసం కాదు, పిల్లల కోసం. దాన్ని పట్టుకుపోతే మిగతా చేపలు ఆ పిల్లలన్నిటినీ మింగేస్తాయి. ఆ గుంపును పిల్లలకు చూపించండి, గాలం మాత్రం పక్కకు తీయండి. మా పిల్లలు చేప పట్టిన రోజుల కంటే అది చూసిన రోజునే ఎక్కువగా చెప్పుకుంటారు.

జెల్ల, ఇంగిలాయి వంటి మీసాల చేపలు పడితే పిల్లలను ముట్టనివ్వవద్దు. రెక్కల దగ్గర ముళ్లుంటాయి. ఇంగిలాయి ముల్లులో విషం ఉంటుంది, గుచ్చుకుంటే తేలు కుట్టినట్టు మండుతుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకు పైగా ఆ చెయ్యి పెడితే నొప్పి తగ్గుతుంది, కాలేంత వేడి వద్దు. గాలం వేలికి దిగితే వెనక్కు లాగవద్దు, దాని కొనకు ఉన్న ముల్లు మాంసాన్ని చీలుస్తుంది. దారం కోసి, కదలకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి వెళ్లి తీయించి, ధనుర్వాతం సూది వేయించాలి. తెగిన నైలాన్ దారాన్ని గట్టు మీద వదిలేయవద్దు, కొంగల కాళ్లకు, మేకల కాళ్లకు చుట్టుకుంటుంది.

ఎవరైనా నీళ్లలో పడితే ఏం చేయాలో వెళ్లేముందే మాట్లాడుకోండి, అప్పుడు తోచదు. వెంట దూకడం వద్దు. మునిగేవాడు పట్టుకున్నదాన్ని వదలడు, ఇద్దరూ పోతారు. మేము ఖాళీ అయిన 5 లీటర్ల నూనె డబ్బాలో గ్లాసెడు నీళ్లు పోసి, మూత గట్టిగా బిగించి, పిడికి పది పదిహేను మీటర్ల తాడు కట్టి తీసుకుపోతాము. లోపలి నీళ్ల బరువు వల్ల దూరం పోతుంది, మిగతా గాలి వల్ల తేలుతుంది. గాలం కర్ర చాపవచ్చు, చీర విసరవచ్చు. బయటికి తీశాక తలక్రిందులుగా వేలాడదీయడం, గిరగిర తిప్పడం, కడుపు నొక్కడం పల్లెల్లో ఇంకా చేస్తున్నారు. అవి సమయం పోగొడతాయి, కక్కు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి నోటితో ఐదు సార్లు ఊపిరి ఊదాలి. అప్పటికీ కదలిక లేకపోతే రొమ్ము నడుమ 30 సార్లు గట్టిగా, వేగంగా నొక్కి, 2 సార్లు ఊదాలి, 108 వచ్చేదాకా మానకూడదు. ఒకరు ఇది చేస్తుండగా మరొకరు 108కి ఫోను చేయాలి. తేరుకున్నా ఆసుపత్రికి తీసుకుపోవలసిందే, నీళ్లు మింగినవారికి కొన్ని గంటల తరువాత కూడా ఊపిరి ఇబ్బంది వస్తుంది. సంఘంగా వెళ్లేవారు ఆరోగ్య కేంద్రంలో పనిచేసే సహోదరినో, సహోదరుడినో అడిగి ఇది ఒకసారి దిండు మీద నేర్చుకోండి. పిల్లలను నలుగురైదుగురు చొప్పున పెద్దలకు పేరు పెట్టి అప్పగించండి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడడం లేదని అర్థం.

మల్లన్న సాగర్ వైపు వెళ్లేవారికి ఒక మనవి. ఆ నీళ్ల కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్ వంటి ఊళ్లున్నాయి. ఇళ్లు, బడులు, సమాధులు వదిలి వెళ్లినవారు ఆ కట్ట మీదికి వచ్చి నీళ్ల వైపు చేయి చూపి మా ఇల్లు అక్కడ అని చెబుతుంటారు. వారు నిలబడిన చోట పాటల పెట్టె గట్టిగా పెట్టుకోవద్దు.

సద్దికి మేము పులిహోర, పెరుగన్నం, ఉల్లిగడ్డ తీసుకుపోతాము. తాగే నీళ్లు మనిషికి రెండు లీటర్లకు తక్కువ కాకుండా, ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు, గొడుగులు రెండు. నీటి మీది ఎండ కింది నుండి కూడా కొడుతుంది, పిల్లలకు తలగుడ్డ కట్టాలి. ఎండుగడ్డి ఉన్న చోట పొయ్యి పెట్టము. కొన్న చేపలను ప్లాస్టిక్ సంచిలో మూట కడితే గంటలో వాసన వేస్తాయి. అక్కడే కడుపు తీయించి, తడి గోనెసంచిలో మోదుగాకుల మధ్య చుట్టి, నీడన పెట్టి తేవాలి. ఇంటికి రాగానే ఉప్పు, పసుపు పట్టించాలి. రోహులో, మోసులో చీలిన సన్న ముళ్లు ఎక్కువ, చిన్నపిల్లలకు బొచ్చె పొట్ట ముక్క పెట్టండి. పులుసు చిక్కటి చింతపండు రసంతో, దించే ముందు మెంతిపొడి వేసి, మట్టి కుండలో చేస్తే రాత్రి కంటే మర్నాటికి బాగుంటుంది. మేము ఎప్పుడూ శనివారమే వెళ్లడానికి అదొక కారణం. ఆదివారం ఆరాధన ముగించుకొని వచ్చేసరికి అన్నం ఒక్కటి వండుకుంటే సరిపోతుంది.